వెనక నుంచి లెక్క

ఆగస్టు ముప్పై ఒకటికి లారీ. అది మారదు.
సెప్టెంబరు పదకొండు రాత్రి
వైట్‌హార్స్ ఆసుపత్రిలో నా మొదటి డ్యూటీ. అదీ మారదు.
మిగతావన్నీ సర్దుకుంటాయి అంటుంది షెలీన్,
మా ఇల్లు అమ్మిపెట్టే మనిషి,
వంటింటి బల్ల మీద క్యాలెండర్ పరిచి
చివరి గడి నుంచి పెన్సిల్‌తో వెనక్కి నడుస్తూ.
కాగితాల పనికి ముప్పై రోజులు,
బ్యాంకు తలూపడానికి పది,
గోడలు తట్టి చూసుకోవడానికి అయిదు,
బేరం కుదరడానికి మూడు వారాలు, అదీ మన అదృష్టం బాగుంటే.
నడిచి నడిచి పెన్సిల్
ఇవాళ్టి గడి దాటి నిన్నటి గడిలో ఆగింది.
"బోర్డు నిన్ననే పాతి ఉండాల్సింది"
అంది, నవ్వకుండా.

నాకు మాత్రం క్యాలెండర్ అంటే
నేలమాళిగలో మూత సరిగా పడని ఫ్రీజర్.
రైమో కొట్టిన మూస్ దుప్పి, ఎనభై పొట్లాలు,
ఒక్కో దాని మీద అతని వంకర రాతలో తేదీ.
వారానికి తొమ్మిది తింటే
లారీ వచ్చే రోజుకి అడుగు కనిపిస్తుంది.
ఉడకబెట్టాలి, వేయించకూడదు.
చేప అసలు పొయ్యెక్కకూడదు.
పెళ్లిచూపులున్న ఇంట్లో వాసనలుండవంది షెలీన్.

ఫోన్ మోగితే ఇరవై నిమిషాలు.
తడి తువ్వాళ్లు కారు డిక్కీలోకి,
కుక్క వెనక సీట్లోకి,
నిమ్మకాయలు పళ్లెంలోకి.
(ఆ నిమ్మకాయల్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆరు వారాలు అవే.)
సరస్సు ఒడ్డున కారాపి
మా ఇంట్లో ఎవరో మా అలమరాలు తెరిచే వేళంతా
నీళ్లకి అవతల, నిద్రపోయే రాక్షసుడని పేరున్న కొండని చూస్తూ కూర్చునేవాళ్లం.
దానికి ఏ తేదీ లేదు.
మిక్కో కిటికీ అద్దాన్ని నాకి నాకి
మసకబరిచేది.

సాయంత్రం షెలీన్ చదివి వినిపించేది:
మెట్లు నిటారు.
వంటిల్లు చీకటి.
పెరట్లో ఆ చెక్క కొట్టు ఏమిటి, కోళ్లకా?
అది సౌనా. రైమో తాత దూలాలు చెక్కి కట్టింది.
ఆ రాత్రి రైమో అన్నం ముందు నుంచి లేచి
అందులోకి వెళ్లి
పొయ్యి రాజేసుకుని
తెల్లారేదాకా రాలేదు.

జులై పద్నాలుగున జోస్లిన్ వచ్చింది,
ఆర్నెల్ల కడుపుతో, బూట్లు విప్పడానికి గోడ పట్టుకుని.
మెట్లు నిటారని అనలేదు. లెక్కపెట్టింది, పదమూడు.
అడిగినంత ఇస్తారట,
ఒక్క మాట మీద:
ఆగస్టు ఇరవైకల్లా ఇల్లు కావాలి,
వాళ్ల అద్దె గడువు ఆనాటితో సరి.

పెన్సిల్ మళ్లీ బయటికొచ్చింది.
ఇరవై నుంచి ముప్పై ఒకటికి పదకొండు రోజులు,
అమ్మిన ఇంటికీ రాని లారీకీ మధ్య
ఎవరివీ కాని పదకొండు గడులు.
మోటెల్ లెక్కేసింది షెలీన్. కుక్కకి వేరే డబ్బట.
రైమో ఆమె చేతిలోంచి పెన్సిల్ తీసుకుని
ఒప్పందం కాగితం అంచున రాశాడు,
ఫ్రీజర్ పొట్లాల మీది అదే వంకర రాతలో:
సామాను గ్యారేజీలో. మేం కోళ్ల కొట్టులో.

సంతకాలన్నీ పడ్డాయి.

ఇప్పుడు సౌనా బల్లల మీద,
పై అరుగున అతను, కింది అరుగున నేను, గుమ్మంలో మిక్కో.
అరచేతంత కిటికీలోంచి
మా వంటిల్లు, కాదు, వంటిల్లు.
జోస్లిన్ స్విచ్చు కోసం తలుపు పక్కన తడుముతోంది.
అక్కడ కాదు. ఫ్రిజ్ వెనక, భుజం ఎత్తున.
ఈ చీకట్లో నా చేయి దానంతటదే లేచి
దేవదారు గోడని నొక్కింది.
చాలాసేపటికి దీపం వెలిగింది.

ఇంకా పద్నాలుగు పొట్లాలున్నాయి. లెక్క తప్పింది.
రేపు ఆరు జోస్లిన్‌కిస్తాను,
స్విచ్చు సంగతి అప్పుడే చెప్పొచ్చు.

రైమో పైనుంచి గాలి పీల్చాడు.
మిక్కో తల ఎత్తింది.
ఇల్లు చేతికొచ్చిన మొదటి రాత్రే
వాళ్లు
చేప వేయిస్తున్నారు.